దేశ భద్రతలో ఎవరి ఉత్తర్వు ఎవరికి? అపోహలు - వాస్తవాలు

నేను సీఆర్‌పీఎఫ్‌లో, అంటే కేంద్ర రిజర్వు పోలీసు బలగంలో, అధికారిగా పనిచేసి రిటైరయ్యాను. మా ఊళ్లో ఇప్పటికీ ‘మిలిటరీ ఆయన’ అనే పిలుస్తారు. ఆ పిలుపుతో నాకు పేచీ లేదు. కానీ టీవీ చర్చల్లో, వాట్సాప్ సందేశాల్లో సైన్యాన్ని, కేంద్ర బలగాలను, నిఘా విభాగాలను, దర్యాప్తు సంస్థలను ఒకే గాటన కట్టేస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నాను. ఏదైనా ఘోరం జరిగినప్పుడు ఎవరిని నిలదీయాలో తెలియాలంటే, ఎవరి ఉత్తర్వు ఎవరి మీద చెల్లుతుందో ముందు తెలియాలి.

అపోహ: సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ (సరిహద్దు భద్రతా దళం), సీఐఎస్ఎఫ్ (పారిశ్రామిక భద్రతా దళం) సైన్యంలో భాగాలే.

కావు. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, తీర రక్షక దళం రక్షణ శాఖ కింద పనిచేస్తాయి. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్, ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు), ఎస్ఎస్‌బీ (సశస్త్ర సీమా బల్), సీఐఎస్ఎఫ్ కేంద్ర హోం శాఖవి. సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే దారిలో హకీంపేట చూడండి. వైమానిక దళ స్టేషన్ రక్షణ శాఖది. అదే హకీంపేటలో ఉన్న ‘నీసా’, అంటే సీఐఎస్ఎఫ్ శిక్షణ అకాడమీ, హోం శాఖది. బయటివారికి రెండు గేట్ల దగ్గరా తుపాకీ పట్టుకున్న జవానే కనిపిస్తాడు. లోపల మాత్రం చట్టం వేరు, హోదాలు వేరు. బెటాలియన్‌ను నడిపేది సైన్యంలో కల్నల్, మా దగ్గర కమాండెంట్. అక్కడ సిపాయి, ఇక్కడ కానిస్టేబుల్. మా డైరెక్టర్ జనరల్‌గా వచ్చేది ఐపీఎస్ అధికారి.

బంధువులు ‘మిలిటరీ క్యాంటీన్ సరుకులు తెచ్చిపెట్టు’ అని అడుగుతుంటారు. వాళ్లడిగే క్యాంటీన్ సైన్యానిది. మాకున్నది కేంద్రీయ పోలీస్ కల్యాణ్ భండార్. క్యాంటీన్‌తో పోయేదేమీ లేదు, అసలు బాధ పింఛనుది. 2004 జనవరి 1 తరవాత మా దళాల్లో చేరినవారిని కొత్త పింఛను పథకంలో పెట్టారు. త్రివిధ దళాలను మినహాయించారు. కేంద్ర బలగాలు కూడా సాయుధ దళాలేనని, పాత పింఛను ఇవ్వాలని 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెబితే సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. కశ్మీరులో ఒకే రోడ్డు మీద పక్కపక్కనే కాపలా కాసేవారికి ఈ తేడా ఎందుకో నాకు ఎవరూ నచ్చజెప్పలేకపోయారు.

మధ్యస్థంగా ఉన్నది అస్సాం రైఫిల్స్. పరిపాలన హోం శాఖది, ఆపరేషన్ల అదుపు సైన్యానిది. సరిహద్దుల పంపకం కూడా చెప్పేస్తాను: పాకిస్తాన్, బంగ్లాదేశ్ వైపు బీఎస్ఎఫ్, చైనా వైపు ఐటీబీపీ, నేపాల్, భూటాన్ వైపు ఎస్ఎస్‌బీ, మయన్మార్ వైపు అస్సాం రైఫిల్స్. కశ్మీరులో నియంత్రణ రేఖ దగ్గర మాత్రం సైన్యానిదే పైచేయి. అక్కడి బీఎస్ఎఫ్ సైన్యం చెప్పినట్టే నడుస్తుంది.

అపోహ: కేంద్ర బలగాలు దిగాయంటే జిల్లా వాటి చేతికి వచ్చినట్టే.

నేను ఎక్కువగా విన్న మాట ఇది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో శాంతిభద్రతలు, పోలీసు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. కేంద్ర బలగాలను రాష్ట్రాల్లో మోహరించే అధికారాన్ని 1976లో 42వ సవరణ కేంద్ర జాబితాలో చేర్చింది. కాగితం మీద ఈ రెండింటికీ మధ్య కొంత పెనుగులాట ఉంది. మామూలుగా జరిగేది మాత్రం రాష్ట్రం అడగడం, కేంద్రం పంపడం, ఖర్చు రాష్ట్రానికి లెక్క కట్టడం.

దిగాక ఏం జరుగుతుందో చెబుతాను. కంపెనీ అంటే సుమారు వంద మంది. లారీలు దిగగానే కంపెనీ కమాండర్ వెళ్లేది జిల్లా ఎస్పీ దగ్గరికి. ఏ స్టేషన్ పరిధిలో ఎన్ని ప్లటూన్లు, అంటే కంపెనీలోని చిన్న జట్లు, ఉండాలో ఆయన చెబుతాడు. బస ఏ బడిలోనో కల్యాణ మండపంలోనో ఇస్తారు. మా జవాన్లలో ఒకరిది బిహార్, ఇంకొకరిది మణిపూర్. తెలుగు రాదు, వీధులు తెలియవు. అందుకే గస్తీలో ముందు స్థానిక కానిస్టేబుల్ నడుస్తాడు. ఎవరింటి ముందు ఆగాలో, ఏ అరుగు మీద కూర్చున్నవాడు పేచీకోరో అతనికే తెలుసు. మేం ఎవరినైనా పట్టుకుంటే దగ్గరి స్టేషన్‌కు అప్పగిస్తాం. ఎఫ్ఐఆర్ రాసేది, దర్యాప్తు చేసేది స్థానిక పోలీసులే. గుంపును చెదరగొట్టమని చెప్పే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుది లేదా స్టేషన్ బాధ్యత చూసే పోలీసు అధికారిది. సైన్యాన్ని పిలిచినా పద్ధతి ఉంది: గుంపు ఇంకెలాగూ చెదరనప్పుడు మేజిస్ట్రేటు సైన్యం సాయం కోరతాడు. మేజిస్ట్రేటును సంప్రదించే వీలే లేని అత్యవసర స్థితిలో మాత్రమే సైనికాధికారి సొంతంగా కదలవచ్చు.

దగ్గర్లో బలగం ఉండటం వేరు, దాన్ని వాడటం వేరు. బాబ్రీ మసీదును కూల్చిన 1992 డిసెంబరు 6న అయోధ్య సమీపంలో కేంద్ర బలగాలు పెద్ద సంఖ్యలోనే ఉన్నాయి. రాష్ట్ర ప్రభుత్వం వాటిని వాడుకోలేదు. ఎన్నికలప్పుడు లెక్క మారుతుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 28ఏ సెక్షను ప్రకారం ఎన్నికల విధుల్లో ఉన్న పోలీసులు ఎన్నికల సంఘానికి డిప్యుటేషన్ మీద ఉన్నట్టే. అప్పుడు ఎస్పీని మార్చాలన్నా సంఘమే మారుస్తుంది.

మావోయిస్టులతో తలపడే గ్రేహౌండ్స్ కేంద్ర దళమని నమ్మేవాళ్లు హైదరాబాదులోనే ఉన్నారు. అది 1989లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ, ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ చొరవతో పెట్టుకున్న సొంత దళం.

అపోహ: ‘రా’ వాళ్లు, ఐబీ వాళ్లు వచ్చి అరెస్టు చేసి తీసుకుపోతారు.

సినిమాల పుణ్యం. ఈ రెండింటికీ అరెస్టు చేసే అధికారం లేదు. ఇంటెలిజెన్స్ బ్యూరో హోం శాఖ కింద దేశంలోపలి సమాచారం చూస్తుంది. దాని నుంచి విడదీసి 1968 సెప్టెంబరులో ఆర్.ఎన్. కావ్ సారథ్యంలో ఏర్పాటు చేసిన ‘రా’ విదేశాల సమాచారం చూస్తుంది. అది కేబినెట్ సచివాలయంలో భాగం, అంటే ప్రధానికి జవాబుదారీ.

మరి వాళ్ల సమాచారం అరెస్టుగా ఎలా మారుతుంది? ఢిల్లీలో ఐబీ నడిపే మల్టీ ఏజెన్సీ సెంటర్ ఉంది. కార్గిల్ యుద్ధం తరవాత 2001లో పెట్టారు, ముంబయి దాడుల తరవాత రాత్రింబవళ్లు పనిచేసేలా మార్చారు. వేర్వేరు సంస్థల కబుర్లు అక్కడ కలుస్తాయి, రాష్ట్ర నిఘా విభాగానికి చేరతాయి, అక్కడి నుంచి స్థానిక పోలీసులకు. మరుసటి రోజు పోలీసుల ప్రకటనలో ‘నమ్మదగిన సమాచారం మేరకు’ అని చదువుతారే, ఆ ఒక్క ముక్క వెనక ఇంత ప్రయాణం ఉండవచ్చు. సమాచారం ఇచ్చినవాడు కోర్టుకు రాడు. సాక్ష్యం మొత్తం పోలీసులే కొత్తగా కూడగట్టాలి. కేసులు వీగిపోయేది చాలాసార్లు ఇక్కడే.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఐబీకి గాని, ‘రా’కు గాని వాటి అధికారాలేమిటో చెప్పే పార్లమెంటు చట్టం లేదు. రహస్యంగా పనిచేసే సంస్థకే చట్టం ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

అపోహ: ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ), సీబీఐ రెండూ ఒకటే. కేంద్రం తలచుకుంటే ఏ కేసైనా తీసుకుంటాయి.

సీబీఐ హోం శాఖ కింద కూడా లేదు. సిబ్బంది, శిక్షణ విభాగం కింద ఉంది. దాని అధికారం 1946 నాటి ఢిల్లీ స్పెషల్ పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టం నుంచి వస్తుంది. కోర్టు ఆదేశిస్తే తప్ప, రాష్ట్రంలో అడుగుపెట్టాలంటే ఆ ప్రభుత్వం సమ్మతి కావాలి. ఆంధ్రప్రదేశ్ 2018లో ఆ సమ్మతిని వెనక్కి తీసుకుని 2019లో తిరిగి ఇచ్చింది. తెలంగాణ 2022లో వెనక్కి తీసుకుంది. 2008 చట్టంతో పుట్టిన ఎన్ఐఏకు ఈ సమ్మతి అక్కర్లేదు. కానీ ఆ చట్టం షెడ్యూలులో ఉన్న, ఉగ్రవాదం వంటి నేరాలకే అది పరిమితం. 2013 ఫిబ్రవరి 21న జరిగిన దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసు అలాగే దాని చేతికి వెళ్లింది.

అపోహ: జాతీయ భద్రతా సలహాదారు, సీడీఎస్ (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) కలిసి అన్నిటినీ నడుపుతారు.

సలహాదారు పదవి 1998లో వచ్చింది. పలుకుబడి అపారం, అది ప్రధానికి దగ్గరగా ఉండటం వల్ల వచ్చినదే. చట్టరీత్యా ఏ బెటాలియన్‌కూ ఆయన ఉత్తర్వు ఇవ్వలేరు. 2020 జనవరి 1న మొదలైన సీడీఎస్ పదవి త్రివిధ దళాల ఉమ్మడి వ్యవహారాలపై రక్షణ మంత్రికి సలహా ఇచ్చేది. ముగ్గురు అధిపతుల మీద ఆయనకు సైనిక ఆధిపత్యం ఇవ్వలేదు. పెద్ద నిర్ణయాలు ప్రధాని అధ్యక్షతన రక్షణ, హోం, ఆర్థిక, విదేశాంగ మంత్రులు కూర్చునే భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీలో జరుగుతాయి.

అపోహ: సముద్రంలో అంతా నేవీయే.

విశాఖ రేవులో నిలబడితే నాలుగు దళాలు తగులుతాయి. తూర్పు నౌకాదళం, తీర రక్షక దళం రక్షణ శాఖవి, పోర్టు గేటు దగ్గరి సీఐఎస్ఎఫ్ హోం శాఖది, మెరైన్ పోలీసు రాష్ట్రానిది. ముంబయిపై దాడి చేసినవారు సముద్రం మీదుగా వచ్చాక, 2009లో మొత్తం సముద్ర భద్రత బాధ్యతను నౌకాదళానికి అప్పగించారు. అయినా పడవ ఇంజను ఆగి నడిసముద్రంలో చిక్కుకున్న మత్స్యకారుడిని వెతికే పని తీర రక్షక దళానిదే. వాళ్ల నంబరు 1554. తీరంలో అనుమానాస్పదంగా ఏదైనా కనిపిస్తే 1093కు చెప్పాలి.