ఆపదలో పనికొచ్చే రేడియో: అపోహలు - వాస్తవాలు

2025 మే 7న హైదరాబాద్ నగరంలో మాక్ డ్రిల్ సైరన్లు మోగిన దగ్గర నుంచి కోఠిలోని మా మరమ్మతుల దుకాణానికి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ‘ఎమర్జెన్సీ రేడియో ఉందా?’ ఏళ్ల తరబడి రేడియో మొహం చూడనివారు కూడా వచ్చి అడిగారు. భయపడి వచ్చినవారిని నేను ఒక్క మాట అనను. ఇంట్లో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్నవారికి ఆ మాత్రం జాగ్రత్త ఉండాల్సిందే. నా కోపమంతా వాళ్ల ఫోన్లలోకి వచ్చిపడే సందేశాల మీద. సోలార్ పలక ఉండాలట, చేత్తో తిప్పే పిడి ఉండాలట, సైరన్ ఉండాలట, దానితోనే ఫోను చార్జ్ కావాలట. ఆ పెట్టెలో ఏ స్టేషన్ పట్టాలో మాత్రం ఒక్కరూ రాయరు.

అపోహ: ‘ఎమర్జెన్సీ’ అని రాసి ఉండి, సదుపాయాలు ఎన్ని ఎక్కువుంటే అంత భద్రం.

ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. డబ్బు పోతే పోయింది, అవసరం వచ్చిన రోజున ఆ పెట్టె పలకదు.

వనస్థలిపురం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వస్తుంటారు. అమెరికాలో ఉన్న అబ్బాయి ప్రేమగా అలాంటి పెట్టె ఒకటి పంపించాడు. నారింజ రంగు, వెనక పిడి, పైన సోలార్ పలక, పక్కన టార్చి. ‘బాబూ, ఎఫ్ఎం బాగానే వస్తోంది కానీ హైదరాబాద్ కేంద్రం మాత్రం ముద్దగా వస్తోంది, మాట తెలియడం లేదు’ అన్నారు. మీట నొక్కి చూశాను. 720, 730, 740, 750. పదేసి చొప్పున గెంతుతోంది. అమెరికాలో మీడియం వేవ్ (సెట్టు మీద ఏఎం అనో ఎండబ్ల్యూ అనో రాసి ఉండేది) స్టేషన్లు పదేసి కిలోహెర్ట్జ్ ఎడంలో ఉంటాయి. మన దగ్గర ఆ ఎడం తొమ్మిది. ఆకాశవాణి హైదరాబాద్ ‘ఎ’ కేంద్రం 738 మీద ఉంది. ఆ సెట్టు 730 దగ్గరైనా ఆగుతుంది, 740 దగ్గరైనా ఆగుతుంది, 738 మీద ఆగదు. ఆయన లెక్కల మాస్టారు. నేను వివరించే లోపే ‘తొమ్మిదితో భాగిస్తే ఎనభై రెండు, శేషం సున్నా’ అని తేల్చేశారు. అదృష్టవశాత్తూ ఆ సెట్టులో ఎడం మార్చుకునే వీలుంది. ఆపి ఉన్నప్పుడు ఒక మీట కాసేపు నొక్కి పట్టుకుంటే తొమ్మిదికి మారింది, స్టేషన్ గంటలా పలికింది. ఇలా మారని సెట్లూ చాలా ఉన్నాయి. విదేశాల నుంచి పిల్లలు పంపిస్తామంటే ముందు ఈ సంగతి చూడమనండి. జపాన్ నుంచి తెచ్చేవాటిలో మరో తిరకాసు ఉంటుంది. అక్కడి ఎఫ్ఎం 76 దగ్గర మొదలై 90 దాటాక కొద్ది దూరంలోనే అయిపోతుంది. అక్కడి జనం కోసమే చేసిన పాత సెట్లలో మన ఆకాశవాణి ఎఫ్ఎం స్టేషన్లు 101.9, 102.8 ఉండవు.

మాస్టారి సెట్టు మీద వాతావరణ సమాచారం కోసమని ఇంకో మీట ఉంది. అది 162 మెగాహెర్ట్జ్ దగ్గర అమెరికా వాతావరణ శాఖ నడిపే ఏడు చానళ్ల కోసం పెట్టింది. ఇక్కడ అందులో గరగరే తప్ప మాట వినిపించదు. ఆయన రోజూ కాసేపు ఆ గరగర విని, తుపాను ఏమీ లేదు కాబట్టే ఎవరూ మాట్లాడటం లేదని సరిపెట్టుకున్నారట. చెబుతూ ఆయనే నవ్వారు.

ఇక సోలార్ సంగతి. బిస్కెట్టంత పలక మంచి ఎండలో అర వాటు ఇస్తే గొప్ప. లోపలి లిథియం సెల్లు రెండు వేల మిల్లీయాంప్‌అవర్లదైతే అందులో పట్టేది ఏడు వాట్‌అవర్ల పైచిలుకు (ఒక వాటు చొప్పున గంటసేపు ఇచ్చే కరెంటు ఒక వాట్‌అవర్). అంటే నష్టాలేవీ లెక్క వేయకుండానే పదిహేను గంటల నిండు ఎండ కావాలి. మనకు రేడియో అవసరమయ్యేది ముసురు పట్టి నాలుగు రోజులు సూర్యుడు కనిపించనప్పుడు! పిడి తిప్పితే వచ్చేది ఒకటి రెండు వాట్లు. నిమిషం తిప్పితే కొన్ని నిమిషాలు వార్తలు వినవచ్చు, అంతవరకు నిజమే. ఫోను చార్జింగ్ మాత్రం మరచిపోండి. ఇప్పటి ఫోను బ్యాటరీ నిండాలంటే పందొమ్మిది వాట్‌అవర్లు కావాలి. ఎన్ని గంటలు తిప్పాలో మీరే లెక్కేసుకోండి. ఈలోపు ప్లాస్టిక్ పళ్లచక్రం అరిగి ఊరుకుంటుంది. ఊడిన పిడులు మా బల్ల సొరుగులో బోలెడన్ని ఉన్నాయి.

అన్నిటికంటే పెద్ద మోసం లోపల బిగించేసిన సెల్లు. నిండుగా చార్జ్ చేసి బీరువాలో పెడతారు, ఏడాది దాటాక తీస్తారు. అప్పటికి చార్జ్ దానంతటదే దిగిపోయి సెల్లు చచ్చిపోయి ఉంటుంది, లేదా ఉబ్బి ఉంటుంది. కొత్త సెల్లు వేయాలంటే సెట్టు విప్పి టంకం వేయాలి. వాన నీళ్లు మెట్ల దాకా వచ్చిన రాత్రి టంకం వేసేవాడు ఎక్కడ దొరుకుతాడు?

రెండో మూడో మామూలు పెన్సిల్ సెల్లులతో నడిచే చిన్న సెట్టు తీసుకోండి. మోస్తరు శబ్దంతో పెడితే అది లాగేది నలభై మిల్లీయాంపుల చుట్టూ. మంచి ఆల్కలైన్ సెల్లు రెండు వేల మిల్లీయాంప్‌అవర్ల దాకా ఇస్తుంది. యాభై గంటలు వస్తుంది. రోజుకు నాలుగు గంటలు విన్నా పన్నెండు రోజులు. ఆ సెల్లులు వీధి చివర కిరాణా కొట్లోనూ దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త: వాడనప్పుడు సెల్లులు తీసి పక్కన పెట్టండి. లోపలే వదిలేస్తే కారిపోయి స్ప్రింగులు పచ్చగా తుప్పు పడతాయి. మా దగ్గరికి ‘పాడైపోయింది’ అని వచ్చే మంచి సెట్లలో చాలావాటికి ఉన్న రోగం ఇదొక్కటే.

అపోహ: ఎఫ్ఎం ఉంటే చాలు, మీడియం వేవ్ ఎవరు వింటున్నారు?

బ్లూటూత్ స్పీకరులో ఎఫ్ఎం కూడా ఉందని కొనుక్కుని, అదే రేడియో అనుకునేవారు ఎక్కువయ్యారు. పాటలకు అది చాలు. ఆపద సమయంలో కావలసింది వార్త. ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. చెబితే ఆకాశవాణి వార్తలనే ఉన్నదున్నట్టు వినిపించాలి. పైగా ఎఫ్ఎం తరంగం చూపు ఆనినంత మేరకే పోతుంది. విజయవాడ దారిలో చౌటుప్పల్ దాటి కొంత దూరం పోయేసరికి పాట తెగిపోతూ ఉంటుంది. 738 మాత్రం నేలను అంటిపెట్టుకుని ఇంకా చాలా దూరం వస్తుంది. అది సన్నగిల్లే వేళకు విజయవాడ 837 అందుకుంటుంది. ఊరు వదిలి వెళ్లాల్సి వస్తే తేడా అప్పుడు తెలుస్తుంది.

అపోహ: మీడియం వేవ్ అంతా గరగర. స్టేషన్లు మూసేశారట కదా.

కొన్ని ఊళ్లలో పాత ట్రాన్స్‌మిటర్లు ఆపేశారు, నిజమే. అంతమాత్రాన అన్నీ పోయాయని చాటేవారికి ఏం చెప్పాలి? మీ ఇంట్లో గరగరకు కారణం చాలాసార్లు మీ ఇంట్లోనే ఉంటుంది. కూకట్‌పల్లి నుంచి ఒకాయన కొత్త సెట్టు వాపసు తెచ్చారు, 738 రావడం లేదని. మా దుకాణం బయట నిక్షేపంగా వచ్చింది. ‘అన్నా, ఇంటికెళ్లి హాల్లో లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతూ వినండి’ అన్నాను. సాయంత్రం ఫోను చేశారు. మూడో ఎల్ఈడీ బల్బు ఆర్పగానే వార్తలు వినిపించాయట. చౌక బల్బులు, ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు మీడియం వేవ్ మీద రొద పోస్తాయి. కరెంటు పోయినప్పుడు, ఇన్వర్టర్ కూడా నడవకపోతే, ఆ రొద దాదాపు మొత్తం ఒక్కసారిగా ఆగిపోతుంది. 2020 అక్టోబరు వరదల్లో టోలీచౌకి వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి, కరెంటు లేదు. అక్కడి నుంచి వచ్చే ఒకావిడ తమ పాత సెట్టు ఆ రోజుల్లో పలికినంత స్పష్టంగా ఎప్పుడూ పలకలేదని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటారు. చుట్టుపక్కల చార్జర్లన్నీ ఆగిపోతే పలకదా మరి!

మీడియం వేవ్ సరిగా రాకపోతే అందరూ చేసే పని ఏరియల్ పూర్తిగా లాగడం. దానివల్ల ఏమీ జరగదు. ఆ కడ్డీ ఎఫ్ఎంకు, దూరదేశాల స్టేషన్లు వచ్చే షార్ట్ వేవ్‌కు మాత్రమే. మీడియం వేవ్‌ను పట్టేది సెట్టు లోపల తీగ చుట్టిన నల్లటి ఫెరైట్ కడ్డీ. అది అడ్డంగా పడుకుని ఉంటుంది, దాని కొసలు స్టేషన్ వైపు ఉంటే ఏమీ వినదు. సెట్టును బల్ల మీద పెట్టి మెల్లగా గుండ్రంగా తిప్పండి. ఒకచోట మాట సన్నబడి దాదాపు మాయమవుతుంది. అక్కడి నుంచి పావు చుట్టు తిప్పితే గట్టిగా వస్తుంది. కడ్డీ ఎంత పొడవుంటే అంత మంచిది. అందుకే అగ్గిపెట్టెంత సెట్లు ముద్దుగా ఉన్నా మీడియం వేవ్‌లో తేలిపోతాయి. అరచేతి కంటే కాస్త పెద్దది తీసుకోండి.

అపోహ: ఫోనులో రేడియో ఉందిగా.

ఫోనులో మీరు వినేది చాలామటుకు ఇంటర్నెట్టు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు టవర్లు మూగబోయి, అక్కడి మనవాళ్ల క్షేమం తెలియక హైదరాబాద్‌లో ఎందరు అల్లాడారో మరచిపోయారా? నిజమైన ఎఫ్ఎం ఉన్న ఫోన్లకూ వైరు ఇయర్‌ఫోను తగిలించాలి, ఆ వైరే ఏరియల్. ఎఫ్ఎం సదుపాయం ఆపేయవద్దని 2023 ఏప్రిల్‌లో కేంద్రం తయారీదారులకు చెప్పింది కూడా. కానీ ఇయర్‌ఫోను రంధ్రమే లేని ఫోను ఏం చేస్తుంది?

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ముల్లు ఉన్న సెట్టు పాతది, అంకెలున్నది గొప్పది అనుకోవద్దు. ఇప్పుడు ముల్లు ఉన్నవాటిలోనూ చాలావాటి లోపల డిజిటల్ చిప్పే ఉంటోంది. పెద్దవాళ్లకు తిప్పే చక్రమే సుళువు. షార్ట్ వేవ్ సరదాకు బాగుంటుంది, దాని కోసం అదనంగా ఖర్చు పెట్టనక్కర్లేదు. రేడియోకు లైసెన్సు కావాలా అని ఇప్పటికీ అడిగే తాతయ్యలున్నారు. పోస్టాఫీసులో పుస్తకం మీద స్టాంపులు వేయించుకున్న తరం వారిది. అది 1980లలోనే పోయింది. వాకీటాకీ కథ వేరు. అందులో మనం మాట్లాడతాం కాబట్టి అనుమతుల సంగతి చూడకుండా ఆన్‌లైన్‌లో కొనకండి. చేతిలోని చిన్న రేడియో పిడుగును పిలుస్తుందన్నది వట్టి మాట. డాబా మీద పొడవాటి తీగ కట్టి సెట్టుకు తగిలించి ఉంటే మాత్రం ఉరుముల వేళ పీకేయండి.

ధర రెండు వేలు దాటనక్కర్లేదు. కొనేటప్పుడు అంగట్లో దీపాల కింద పరీక్షిస్తే ఏ సెట్టయినా గరగరమంటుంది. సెల్లులు వేయించి వీధిలోకి తీసుకురండి. ముందు 102.8, తర్వాత 738 పెట్టండి. సెట్టును చుట్టూ తిప్పి చూడండి, ముల్లును కొంచెం కదిపి మళ్లీ అదే చోటికి తెచ్చి చూడండి, శబ్దం సగానికి తగ్గించినా మాట తెలుస్తోందో లేదో వినండి. బయటికి తీసుకెళ్లనివ్వం అని దుకాణదారు అంటే పక్క దుకాణానికి వెళ్లండి.