సెలడాన్ టీ కప్పులు: అపోహలు – వాస్తవాలు

పదకొండేళ్లుగా గ్యాస్ బట్టీలో సెలడాన్ కాలుస్తున్నాను. సెలడాన్ అంటే పచ్చటి గ్లేజు, అంటే గాజులాంటి పూత, ఉన్న మట్టిపాత్రలు. కప్పులు కొని దాచుకోవడం అంతకు ముందే మొదలైంది. నా దగ్గరికి వచ్చినవాళ్లు కప్పు చేతిలోకి తీసుకోగానే "ఇది ఏం రంగు వేశారండీ?" అని అడుగుతారు. సగం అపోహలు ఆ ప్రశ్న దగ్గరే ఉన్నాయి.

అపోహ: ఆకుపచ్చ రంగో, జేడ్ రాయి పొడో కలుపుతారు.

గ్లేజులో పచ్చరంగు అంటూ ఏదీ వేయం. ఉండేది ఇనుము, అదీ నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లు. బకెట్లో చూస్తే బూడిద కలిపిన మజ్జిగలా ఉంటుంది. పచ్చదనం తెచ్చేది మంట. వేడి 1,250 డిగ్రీలు దాటించేలోపు బట్టీలోకి వెళ్లే గాలి తగ్గిస్తాం. ఆక్సిజన్ చాలని మంట, గ్లేజులోని ఐరన్ ఆక్సైడ్ నుంచి దాన్ని లాగేసుకుంటుంది. అప్పుడు ఇనుము పచ్చగా తేలుతుంది. గాలి ఎక్కువైతే అదే గ్లేజు తేనె రంగుకో పసుపుకో తిరుగుతుంది. పోయిన వానాకాలం డ్యాంపర్, అంటే బట్టీలో గాలిని అదుపు చేసే పలక, కొద్దిగా ఎక్కువ తెరిచి ఉంచాను. పై అరలో పెట్టిన కప్పులన్నీ ఎండుగడ్డి రంగులో వచ్చాయి, కింది అరవి మాత్రం వేపచిగురు పచ్చ. గ్లేజు ఒకే బకెట్లోది, కాల్చింది ఒకే రాత్రి.

ఇక జేడ్ రాయిలా కనిపించే ఆ రంగు లోతు గ్లేజు మందం వల్ల, లోపల చిక్కుకున్న సన్నటి బుడగల వల్ల వస్తుంది. చైనాలోని లాంగ్‌చువాన్ కుమ్మరులు దక్షిణ సాంగ్ రాజవంశ కాలంలో (12–13 శతాబ్దాల్లో) దానికోసమే పొర మీద పొర పూసేవారు. కప్పును కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. చెక్కిన రేకు గాట్లో గ్లేజు చేరి చిక్కబడుతుంది, అంచు దగ్గర పలచబడి తెల్లగా తేలుతుంది. నేను కొనేముందు మొదట చూసేది అదే. ఎక్కడ చూసినా ఒకే పచ్చగా ఉన్న కప్పు నాకు నచ్చదు.

అపోహ: నెర్రెలున్న కప్పు పగిలిపోయినట్టే.

చల్లారేటప్పుడు గ్లేజు లోపలి మట్టికంటే ఎక్కువ ముడుచుకుంటే, బిగుతు జాకెట్టు కుట్లు విడినట్టు సన్నగా నెర్రెలిస్తుంది. బట్టీ తెరిచిన పొద్దున చెవి ఒగ్గితే టింగ్ టింగ్‌మని వినిపిస్తుంది, గజ్జెలు ఒక్కొక్కటే రాలినట్టు. కొన్ని కప్పులు రోజుల తరబడి అలా పలుకుతూనే ఉంటాయి. చైనాలో గె అనే రకానికి ఈ నెర్రెలే అందం. నల్లటి పెద్ద గీతల్నీ పసుపుపచ్చటి సన్నగీతల్నీ కలిపి "బంగారు దారం, ఇనుప తీగ" అంటారు.

అలాగని నెర్రెలున్న ప్రతి కప్పూ వాడకానికి పనికొస్తుందని కాదు. కింది మట్టి బాగా కాలి గట్టిపడితే పర్వాలేదు. కాలకపోతే నీళ్లు లోపలికి దిగుతాయి. కప్పు నిండా నీళ్లు పోసి, రాత్రంతా న్యూస్‌పేపర్ మీద ఉంచండి. పొద్దున కాగితం చెమ్మగిల్లితే దాన్ని షోకేసులో పెట్టుకోండి. మన పాల టీకైతే నెర్రెలు లేని కప్పే వాడమంటాను. నెర్రెల్లో దిగిన పాల వాసన ఎంత కడిగినా వదలదు.

అపోహ: విషం పోస్తే పగిలిపోతుంది, రంగు మారుతుంది.

అలాంటి గుణమేమీ లేదు. గ్లేజు అంటే గాజు, విషానికీ దానికీ సంబంధం లేదు. కానీ రాజులు మాత్రం ఈ మాట గట్టిగా నమ్మారు. ఇస్తాంబుల్ తోప్‌కాపీ ప్యాలెస్‌లో అంత పెద్ద సెలడాన్ సేకరణ ఉండటానికి చెప్పే కారణాల్లో ఇదొకటి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ పాత సెలడాన్ ఉంది. వెళ్లినప్పుడు విషం సంగతి పక్కనపెట్టి గ్లేజు చూసి రండి.

అపోహ: పచ్చ గ్లేజంటే సీసం.

సీసం వాడేది తక్కువ వేడిలో కరిగే గ్లేజులకి. సెలడాన్‌లో ఫెల్డ్‌స్పార్, సున్నపురాయి, సిలికా, చైనామట్టి ఉంటాయి. అంత వేడిలో కరగడానికి వాటికి సీసం అక్కర్లేదు. అయితే "సెలడాన్ కలర్" అని అమ్మే చవక సరుకు అసలు సెలడానే కాకపోవచ్చు. ఎంత వేడిలో కాల్చారో అడగండి. జవాబు రాకపోతే కొనకండి.

అపోహ: పాతదైతేనే, చైనాదైతేనే అసలైనది.

ఈ మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూసి బాధపడ్డాను. సాంగ్ కాలంలో చైనాలో చేసిన ‘రు’ అనే రకం సెలడాన్ వస్తువులు ప్రపంచం మొత్తం మీద వందలోపే మిగిలాయి. 2017లో హాంకాంగ్‌లో ఒక చిన్న గిన్నె 29.4 కోట్ల హాంకాంగ్ డాలర్లకు పోయింది. అలాంటిది ఆన్‌లైన్‌లో నాలుగువేలకు రాదు. కొట్టి చూస్తే ఖంగుమందనీ, అడుగున ఎర్రటి వలయం ఉందనీ పాతదనుకోవద్దు. మట్టిలో ఇనుముంటే నిన్న కాల్చిన కప్పుకీ ఆ ఎరుపు వస్తుంది.

మన తీరానికి సెలడాన్ కొత్తేమీ కాదు. కాకతీయుల రేవు మోటుపల్లిలో చైనా సెలడాన్ పెంకులు దొరికాయి. కొరియాదీ గొప్ప సంప్రదాయమే. 1123లో అక్కడికి వెళ్లిన చైనా రాయబారి షు జింగ్ వాళ్ల పచ్చదనాన్ని మెచ్చుకుని రాశాడు. తెల్లమట్టి, నల్లమట్టి పొదిగి కొంగలూ మబ్బులూ దిద్దిన సాంగామ్ పని వాళ్ల సొంతం. రోజువారీ వాడకానికైతే థాయిలాండ్ చియాంగ్‌మై కప్పులూ, ఇప్పటి లాంగ్‌చువాన్ కప్పులూ హాయిగా కొనుక్కోవచ్చు. లాంగ్‌చువాన్ కాల్పు పద్ధతిని యునెస్కో 2009లో తన జాబితాలో చేర్చింది.

అపోహ: ఒక కప్పుకి ఒకే రకం టీ.

అది చైనాలోని యీషింగ్‌లో చేసే మట్టి టీ కూజాల్లాంటి, గ్లేజు లేని వాటి సంగతి. సెలడాన్ రుచి పీల్చుకోదు, ఏ టీ అయినా పోయండి. మరక పడితే వంటసోడా నీళ్లలో రాత్రంతా నానబెట్టండి, పైమరక పోతుంది. నెర్రెల్లోకి దిగింది మాత్రం పోదు. నేను మొదట కొన్న కప్పులో ఆ గీతలు ఇప్పుడు బెల్లం రంగుకొచ్చాయి. వాటిని తెల్లగా చేయాలని ఎప్పుడూ అనిపించలేదు.