పుట్టబోయే బిడ్డ కోసం ఇల్లు సర్దేముందు: అపోహలు - వాస్తవాలు

ఏడో నెల దాటాక కొందరు దంపతులు కాన్పుకు ముందే పిల్లల డాక్టరును కలుద్దామని వస్తుంటారు. ఫోన్లో ఒక లిస్టు ఉంటుంది: ఉయ్యాల, పాలసీసాల సెట్టు, స్టెరిలైజర్, ఆవాల దిండు, వాకర్. రాత్రి బిడ్డ ఏడిస్తే ఎవరు లేస్తారు, బాలింతకు వేళకు అన్నం ఎవరు పెడతారు అనేవి మాత్రం అందులో కనిపించవు. నేను మొదట అడిగేది వాటి గురించే.

అపోహ: బిడ్డ పుట్టకముందే ఏదీ సిద్ధం చేయకూడదు, అరిష్టం.

ఈ నమ్మకంతో నేను వాదించను. కొనడం ఇష్టం లేకపోతే కొనకండి, మొదటి నెలకు కావాల్సినవి ఎలాగూ కొద్దిగానే ఉంటాయి. మెత్తబడిన పాత నూలు చీరలు, పంచెలు చింపి, ఉతికి, ఎండలో ఆరేస్తే పొత్తిళ్లు, పక్కగుడ్డలు తయారు. ఒక్క హెచ్చరిక. బీరువాలో కలరా ఉండల మధ్య దాచిన బట్టలు తీసి నేరుగా బిడ్డకు చుట్టొద్దు. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల, జీ6పీడీ అనే ఎంజైము తక్కువున్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ప్రమాదకరంగా పెరుగుతాయి. బిడ్డకు ఆ లోపం ఉందో లేదో ముందుగా మనకు తెలియదు కాబట్టి ఆ బట్టల జోలికి వెళ్లకపోవడమే మేలు.

డబ్బు ఖర్చు లేని ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. పురిటికి పుట్టింటికి వెళ్తుంటే అక్కడికి దగ్గర్లో పసిపిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రి ఏదో కనుక్కోండి. అర్ధరాత్రి నొప్పులొస్తే బండి ఎవరిదో అనుకోండి, 108 ఎలాగూ ఉంది. తల్లిది నెగటివ్ గ్రూపు రక్తమైతే ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ఉద్యోగం చేసే తల్లికి చట్టప్రకారం మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవుంది, అందులో కాన్పుకు ముందు వాడుకోగలిగేది 8 వారాలే. సిజేరియన్ గురించి కూడా ముందే ఆలోచించాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60 శాతం పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం కాన్పులు ఆపరేషన్‌తోనే అయ్యాయి. కుట్లున్న మనిషి పదేపదే కిందికి వంగి బిడ్డను ఎత్తుకోలేదు. అందుకని బిడ్డ పక్క, గుడ్డలు, మంచినీళ్లు అన్నీ మంచం ఎత్తులో, చేతికందేలా పెట్టండి.

అపోహ: పాలు పడతాయో లేదో, ముందుజాగ్రత్తగా ఒక డబ్బా, ఒక సీసా తెచ్చి ఉంచాలి.

నేను చూసినంతలో ఎక్కువ నష్టం చేసే జాగ్రత్త ఇదే. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపు రంగులో, కొద్దికొద్దిగా వస్తాయి. పుట్టిన రోజున బిడ్డకు ఒక్కో విడతకు టీస్పూనంత చాలు. నిండుగా పాలు పడేసరికి మూడో రోజో నాలుగో రోజో అవుతుంది, సిజేరియనైతే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఈలోగా బిడ్డ ఏడుస్తుంది, అమ్మమ్మకు టెన్షన్, డబ్బా చూస్తే అలమరలోనే ఉంది. సీసాకు అలవాటుపడ్డ బిడ్డ రొమ్ము చీకడం తగ్గిస్తుంది, చీకడం తగ్గేకొద్దీ పాలూ తగ్గుతాయి. "మా అమ్మాయికి పాలు లేవండీ" అన్న మాట చివరికి నిజమై కూర్చుంటుంది. డబ్బా పాలకు, సీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదని, ఉచిత శాంపిళ్లు పంచకూడదని మన దేశంలో 1992 నుంచి చట్టమే ఉంది.

పాలు సరిపోతున్నాయా అనేది ఏడుపును బట్టి తేల్చలేం. ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ మూత్రం పోస్తుంటే, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగి వస్తే సరిపోతున్నట్టే. మొదటి వారంలో కాస్త బరువు తగ్గడం మామూలే, పదో వంతు దాటి తగ్గితే మాత్రం చూపించాలి. పైపాలు నిజంగానే అవసరమయ్యే పిల్లలూ ఉంటారు, అది పరీక్షించి చెప్పాల్సిన విషయం. అప్పుడు కూడా సీసా కంటే మన ఉగ్గుగిన్నె నయం, కడగడం తేలిక. తేనె నాకించడం, చక్కెర నీళ్లు, వస అరగదీసి పట్టడం వద్దే వద్దు. తేనెలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు పసిపిల్లల పేగుల్లో పెరిగి విషం తయారుచేయగలవు, కాబట్టి ఏడాది నిండేదాకా అది ముట్టించకూడదు. ఎండాకాలమైనా ఆరు నెలల వరకు నీళ్లు అక్కర్లేదు, తల్లిపాలలో ఎక్కువ భాగం నీరే.

అపోహ: తల గుండ్రంగా రావాలంటే ఆవాల దిండు ఉండాలి.

ఏడాది లోపు బిడ్డకు ఏ దిండూ అవసరం లేదు, ఆవాలదైనా దూదిదైనా. ముఖానికి ఆనుకుంటే తప్పించుకునే బలం పసిబిడ్డకు ఉండదు. గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. అమెరికాలో 1994లో ఇలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టాక నిద్రలో హఠాత్తుగా చనిపోయే శిశువుల సంఖ్య సుమారు సగానికి పడిపోయింది. తల ఒకవైపే నొక్కుకుపోకుండా పడుకోబెట్టే దిక్కు మారుస్తూ ఉండండి, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ల ముందు కాసేపు బోర్లా వేయండి. చీర ఉయ్యాల విషయంలో నా మాట కొందరు పెద్దవాళ్లకు నచ్చదు. ఊపి నిద్రపుచ్చడానికి బాగానే ఉంటుంది, ఎదురుగా మనిషి ఉన్నంతసేపూ. కానీ అందులో వెన్ను వంగి గడ్డం ఛాతీకి ఆనితే గాలి సరిగ్గా ఆడదు, అందుకే రాత్రంతా దాన్లోనే వదిలేయొద్దు.

అపోహ: పురిటిగదికి గాలి తగలకూడదు, ఏసీ అసలే పనికిరాదు.

కిటికీలు బిగించి, మంచం కింద కుంపటి పెట్టి, సాంబ్రాణి వేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీయగలదు. ఏసీ 26 డిగ్రీల దగ్గర పెట్టి, గాలి నేరుగా బిడ్డ మీదికి రాకుండా చూసుకుంటే చాలు. దోమలకు కాయిల్ బదులు దోమతెర కట్టండి. కాటుక, పౌడరు, బొడ్డు మీద పసుపు కూడా అక్కర్లేదు, బొడ్డును పొడిగా ఉంచితే అదే ఊడిపోతుంది. వాకర్ విషయానికొస్తే, కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది.

అపోహ: బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలి, పథ్యం గట్టిగా ఉండాలి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 క్యాలరీలు అదనంగా కావాలి. కారప్పొడి అన్నం రెండు ముద్దలతో అది తీరదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, దాహమేసినన్ని నీళ్లు ఇవ్వండి. ఈ వంట ఎవరిదో కాన్పుకు ముందే తేల్చుకోవాలి. భర్త పాలివ్వలేడు, నిజమే. గుడ్డలు మార్చడం, పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం, దగ్గు జలుబుతో చూడ్డానికి వచ్చే చుట్టాలకు మర్యాదగా ఇంకోరోజు రమ్మని చెప్పడం ఆయన చేయగలడు.

అపోహ: బాలసారె అయి పేరు పెట్టాకే బర్త్ సర్టిఫికెట్.

పుట్టిన 21 రోజుల్లోపు నమోదు జరగాలి, పేరు లేకుండానే జరుగుతుంది. పేరును ఏడాదిలోపు ఫీజు లేకుండా చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1, ఆ తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేర్చడానికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి రుజువు ఈ పత్రమే. ఆసుపత్రిలో ఫారం నింపేటప్పుడు తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం అక్షరం రాయించండి.