ఎండిన కొర్వీనా, ఈస్ట్‌కు గండం

"ఎండబెట్టిన ద్రాక్షతో చేసిన వైన్ తియ్యగా ఉండాలి కదా, మరి అమరోనె ఎందుకు తియ్యగా ఉండదు?" అని ఒక పాఠకురాలు అడిగారు. చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు ద్రాక్షలో కన్నా, రసంలోని చక్కెరను ఆల్కహాల్‌గా మార్చే ఈస్ట్ కణంలోనే ఎక్కువ ఉంది. అయినా ముందు ద్రాక్ష సంగతి కొంత చెప్పుకోవాలి.

ఇటలీలో వెరోనా నగరానికి ఉత్తరాన, గార్దా సరస్సుకు తూర్పున వాల్పొలిచెల్లా కొండలున్నాయి. అమరోనె అక్కడి ఎర్ర వైన్, అందులో పెద్దపీట కొర్వీనా ద్రాక్షది. నిబంధనల ప్రకారం అమరోనెలో కొర్వీనా 45 నుంచి 95 శాతం, రొందినెల్లా అనే మరో ద్రాక్ష 5 నుంచి 30 శాతం ఉండాలి. కొర్వీనా వాటాలో కొంత కొర్వినోనె ద్రాక్షతో నింపవచ్చు. ఈ కొర్వినోనెను చాలాకాలం కొర్వీనాలోనే పెద్దకాయ రకం అనుకున్నారు, 1993లో గానీ వేరే రకంగా గుర్తించలేదు. కొర్వీనా తోలు మందం, అందుకే నెలల తరబడి నిలవ ఉంచినా పగలదు. కొమ్మ మొదట్లో ఉండే మొగ్గలు మాత్రం సరిగా కాపు ఇవ్వవు. పొట్టిగా కత్తిరిస్తే పంట పోతుంది కాబట్టి తీగను పొడవుగా వదిలి పందిరి మీదికి పాకిస్తారు.

కోత సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, చేత్తోనే. కాయలు ఒకదానినొకటి ఒత్తుకోకుండా వదులుగా ఉన్న గుత్తులనే ఏరతారు. ట్రేలో ఒకే వరస పేర్చి, గాలి ధారాళంగా ఆడే గదిలో పెడతారు. ఎండ తగలనివ్వరు. సుమారు 100 నుంచి 120 రోజుల్లో బరువులో మూడో వంతు దాకా, ఒక్కోసారి 40 శాతం దాకా తగ్గుతుంది. కొన్ని ట్రేలను గుర్తుపెట్టుకుని వారం వారం తూకం వేస్తే ఎండడం ఎంతవరకు వచ్చిందో తెలిసిపోతుంది.

మొదటి రెండు మూడు వారాలే అసలు ప్రమాదం. కాయలో నీరు నిండుగా ఉంటుంది, శరదృతువు తేమ ఇంకా వెచ్చగానే ఉంటుంది. బొట్రైటిస్ అనే బూడిదరంగు బూజు ఒక్క కాయను పట్టినా పక్క కాయలకు పాకుతుంది. అది వదిలే లాకేజ్ ఎంజైమ్ ఎర్ర రంగును ఆక్సీకరణంతో గోధుమ రంగుకు తిప్పేస్తుంది. అనుమానం వస్తే పాతకాలం పరీక్ష ఒకటుంది: గ్లాసులో కొంచెం వైన్ పోసి రాత్రంతా మూత లేకుండా వదిలేయాలి. తెల్లారేసరికి గోధుమ రంగుకు తిరిగితే లాకేజ్ ఉన్నట్టే. అందుకే ఇప్పుడు చాలాచోట్ల ఫ్యాన్లు, గాలిలో తేమ లాగే యంత్రాలు పెడుతున్నారు.

డిసెంబరు 1కి ముందు అమరోనె ద్రాక్షను చిదమడానికి వీల్లేదు. ఇక్కడి నుంచి ఈస్ట్ కథ.

తాజా ద్రాక్షరసంలో లీటరుకు 190 గ్రాముల చక్కెర ఉందనుకోండి. సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది కాబట్టి 11 శాతం దగ్గర ఆగుతుంది. ఎండాక చక్కెర 280 గ్రాములకు చేరితే అంతా పులిసినప్పుడు 16.5 శాతం. పులియడం మధ్యలో ఆగితే వైన్ తియ్యగా మిగులుతుంది. ఆ తియ్యని వైన్ పేరు రెచోతో. అదే ద్రాక్ష, అదే గది. చక్కెర దాదాపు అంతా ఈస్ట్ తినేస్తే అమరోనె, తినకుండా ఆగిపోతే లేదా ఆపేస్తే రెచోతో.

ఈస్ట్ ఎందుకు ఆగిపోతుంది? మాగాయ పెట్టిన వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు కలిపి మూడు రోజులు ఉంచితే ఊట దిగుతుంది, ముక్క ముడుచుకుపోతుంది. బయట ఉప్పు గాఢత ఎక్కువ కాబట్టి లోపలి నీరు పొర దాటి బయటికి వస్తుంది. మామిడి ముక్క స్థానంలో ఈస్ట్ కణాన్ని, ఉప్పు స్థానంలో చక్కెరను పెట్టి చూడండి. 280 గ్రాములంటే లీటరుకు సుమారు 1.56 మోల్‌లు. ఆదర్శ ద్రావణంగా లెక్కిస్తే 20 డిగ్రీల దగ్గర ద్రవాభిసరణ పీడనం, అంటే నీటిని పొర దాటించి లాగే ఒత్తిడి, 37 అట్మాస్ఫియర్లు. తాజా రసంలో అది 25. రసంలో వేసిన నిమిషాల్లోనే ఈస్ట్ కణం ఊట వదిలి కుంచించుకుపోతుంది.

మామిడి ముక్క అంతటితో ఊరుకుంటుంది, ఈస్ట్ ఊరుకోదు. బయటి గాఢతకు సరితూగే పదార్థాన్ని లోపలే తయారుచేసుకుంటుంది, అదే గ్లిజరాల్. పొరలోని స్ల్న్1, షో1 గ్రాహకాలు ఒత్తిడిని పసిగడతాయి. హాగ్1 అనే కైనేజ్ (సంకేతాలు అందించే ఎంజైమ్) కేంద్రకంలోకి వెళ్లి, గ్లిజరాల్ తయారీకి కావాల్సిన జీపీడీ1 జన్యువు పనిని పెంచుతుంది. ఎఫ్‌పీఎస్1 అనే ద్వారం మూసుకుని, తయారైన గ్లిజరాల్‌ను బయటికి పోనివ్వదు. నీరు మళ్లీ లోపలికి వస్తుంది, కణం తేరుకుంటుంది.

దీనికో మూల్యం ఉంది. ఒక గ్లూకోజ్ నుంచి రెండు ఇథనాల్ (వైన్‌లోని ఆల్కహాల్), రెండు కార్బన్ డయాక్సైడ్ అని పిల్లలకు ఒక్క సమీకరణం నేర్పి వదిలేస్తాం. కణంలో ఎలక్ట్రాన్లను మోసే ఎన్‌ఏడీహెచ్ అణువు లెక్క చెప్పకుండా కిణ్వనం, అంటే పులియడం, నేర్పడం ఖర్చులు రాయకుండా జమలు మాత్రమే చూపించడమే. గ్లిజరాల్ చేయడానికి ఎన్‌ఏడీహెచ్ ఖర్చవుతుంది. ఆ మేరకు, ఇథనాల్‌కు ముందు మెట్టైన అసిటాల్డిహైడ్‌ను ఇథనాల్‌గా మార్చడానికి అది మిగలదు. లెక్క సరిచేసుకోవడానికి ఈస్ట్ కొంత అసిటాల్డిహైడ్‌ను ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లమే. బ్యాక్టీరియా చేరకపోయినా, పనిలో శుభ్రత లోపించకపోయినా అమరోనెలో ఆ ఘాటు కొంత ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. నాలుక మీద తెలిసే ఆ నిండుదనంలో గ్లిజరాల్ పాత్ర కొంతే, ఆల్కహాల్ పాత్ర ఎక్కువ.

ఉప్పును మామిడి ముక్క తినలేదు, చక్కెరను ఈస్ట్ తింటుంది. తిన్నకొద్దీ ద్రవాభిసరణ ఒత్తిడి తగ్గుతుంది, ఆల్కహాల్ పెరుగుతుంది. ఆల్కహాల్ కణపొరను దాటిపోగలదు కాబట్టి చక్కెరలా నీటిని లాగదు, కానీ ఆ పొరనే బలహీనపరుస్తుంది. పైగా ఈస్ట్ గ్లూకోజ్‌ను ముందు తిని ఫ్రక్టోజ్‌ను వెనక్కి నెడుతుంది. చివరి 20, 30 గ్రాములు దాదాపు ఫ్రక్టోజే. నీరసించిన ఈస్ట్‌కు నచ్చని చక్కెర, 15 శాతం ఆల్కహాల్, జనవరి చలి, అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఎక్కువగా ఇక్కడే ఆగిపోతుంది.

అందుకే ఈస్ట్‌ను రసంలో నేరుగా చల్లరు. ముందు 35-38 డిగ్రీల నీటిలో 15-20 నిమిషాలు నాననిస్తారు. తర్వాత కొంచెం కొంచెంగా రసం కలుపుతూ అలవాటు చేస్తారు. ఒక్కో విడతలో ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు మించి పడిపోకూడదు, పడితే చాలా కణాలు అక్కడే చస్తాయి. నత్రజని పోషకాలను ఒకేసారి కాకుండా విడతలుగా ఇస్తారు.

సిసిలీకి, ట్యునీషియాకు మధ్యనున్న పాంతెల్లెరియా ద్వీపంలో ఇదే చిక్కును ఇంకోలా తప్పించుకున్నారు. అక్కడి ద్రాక్ష జిబిబ్బో, అంటే మస్కట్ ఆఫ్ అలెగ్జాండ్రియా. కొంత పంటను ఎండలోనే ఆరబెడతారు. తాజా ద్రాక్షరసం పులుస్తూండగా ఎండిన కాయలను అందులో కలుపుతారు. ఉప్పు మొత్తం ఒక్కసారే వేయకుండా ముక్క తట్టుకున్నకొద్దీ వేసినట్టన్నమాట. ఈస్ట్ అప్పటికే పుంజుకుని ఉంటుంది. ఇంత తెలివైన పద్ధతికి రావాల్సినంత పేరు రాలేదు. తోస్కానాలో త్రెబ్బియానో, మాల్వాసియా ద్రాక్షలతో చేసే విన్ శాంతో అయితే తొందరే పడదు: చిన్న పీపాలో బిరడా బిగించి ఇంటి పైకప్పు కింద ఏళ్ల తరబడి వదిలేస్తారు. చలికాలంలో పులియడం ఆగుతుంది, వేసవిలో మళ్లీ సాగుతుంది. లొంబార్దియా ఉత్తరాన వాల్తెల్లీనాలో నెబ్బియోలోను ఎండబెట్టి స్ఫోర్జాతో చేస్తారు, అదీ తియ్యగా ఉండదు.

ఎండేటప్పుడు కొర్వీనాలో రెస్వెరట్రాల్ అనే, ద్రాక్ష తోలులో ఉండే పదార్థం పెరుగుతుందన్నది నిజం. దాన్ని పట్టుకుని ఎర్ర వైన్ గుండెకు మందని ప్రచారం చేయడం మూఢనమ్మకమే. లీటరుకు అది మిల్లీగ్రాముల్లో ఉంటుంది, ఆల్కహాల్ వంద గ్రాములు దాటుతుంది. ఆ ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది.

పిండగా మిగిలిన అమరోనె పిప్పినీ పారేయరు. అందులో ఇంకా చక్కెర, రంగు, బతికున్న ఈస్ట్ ఉంటాయి. మామూలు వాల్పొలిచెల్లా వైన్‌ను దానిమీద పోసి కొన్ని రోజులు ఉంచితే రెండోసారి పులిసి, ఆల్కహాల్ కొంచెం పెరిగి రిపాస్సో అవుతుంది. పిప్పిని మరీ గట్టిగా పిండేస్తే దీనికి చక్కెర మిగలదు కాబట్టి అమరోనె తీసేటప్పుడే పిండడం తగ్గించుకోవాలి.