అమ్మమ్మ చీర రంగేది?

మొన్న మా పిన్ని కొడుకు, అమ్మమ్మా తాతయ్యల పాత ఫోటోకి ఏదో యాప్‌తో రంగులేయించి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అంతా బాగుంది కానీ అమ్మమ్మ చీర మట్టిరంగులో వచ్చింది. "మా అమ్మ జన్మలో ఆ రంగు కట్టలేదు, అది నీలం పట్టుచీర" అంది పెద్దమ్మ. "నీలం కాదక్కా, ఆకుపచ్చ, నాకు బాగా గుర్తు" అంది పిన్ని. రెండు రోజులు వాయిస్ మెసేజ్‌లు నడిచాక, "నువ్వు సైన్సు రాస్తావుగా, తేల్చు" అని నా మీద పడ్డారు.

ఫోటో చూసి తేల్చలేను. ఎందుకు తేల్చలేనో మాత్రం చెప్తాను.

కిరాణా కొట్టు చీటీలో సరుకుల పేర్లన్నీ చెరిగిపోయి, అడుగున మొత్తం ఒక్కటే మిగిలిందనుకోండి. నలుపు తెలుపు ఫోటోలో ప్రతి చుక్కా అలాంటి చీటీయే: మిగిలిన ఆ మొత్తమే చుక్క వెలుగు. కంప్యూటర్ లెక్కలో రంగంటే మూడు సరుకులు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. పాత టీవీల కాలం నుంచి వస్తున్న ధరల పట్టిక ప్రకారం ఎరుపు ఒక్కోటి 30 పైసలు, ఆకుపచ్చ 59, నీలం 11. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా, నీలం తక్కువ వెలుగుగా తోస్తుంది కాబట్టి ఆ తేడా.

ఇప్పుడు ఎర్రచీర తీసుకోండి: ఎరుపు 200, మిగతావి చెరో 40. అరవై, ఇరవై మూడున్నర, నాలుగున్నర కలిపితే 88 రూపాయలు. ఆకుపచ్చ చీర: 40, 122, 40. కూడితే మళ్ళీ 88. నీలం చీర: 60, 71, 255. ఇదీ దాదాపు 88! మూడు చీరలూ ఒకే బూడిద రంగు. ఎన్ని మెగాపిక్సెళ్ళతో స్కాన్ చేసినా మొత్తం నుంచి సరుకులు బయటికి రావు.

పైగా కొట్టు, అంటే ఫిల్ము, మారితే ధరలూ మారతాయి. తొలినాటి ఫోటో ప్లేట్లకి నీలమే కనిపించేది. 1873లో జర్మనీలో హెర్మన్ వోగెల్ అనే రసాయన శాస్త్రవేత్త ప్లేటు మీది రసాయనంలో అద్దకపు రంగు కలిపి ఆకుపచ్చనీ పట్టించాడు. ఆ దారిలో వచ్చిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు ధర సున్నా. డార్క్‌రూమ్‌లో ఎర్రబల్బు పెట్టుకుని దాన్ని కడగగలిగింది అందుకే. అలాంటి ఫిల్ములో కుంకుమబొట్టు కాటుకలా పడుతుంది. యాప్‌కి ఇదేం తెలుసు? నల్లబొట్టు కనిపిస్తే నల్లగానే ఉంచేస్తుంది.

మరి మట్టిరంగు ఎక్కణ్ణుంచి వచ్చింది? వెలుగు ఫోటోలో ఉంది. యాప్ ఊహించేది ఇంకో రెండు అంకెల్ని: ఆకుపచ్చ నుంచి ఎరుపు దాకా ఒక గీత మీద, నీలం నుంచి పసుపు దాకా ఇంకో గీత మీద, ఎక్కడ నిలబడాలో. ఎరుపైతే ఇటు, ఆకుపచ్చైతే అటు, నీలమైతే ఇంకో మూల. తప్పు అతి తక్కువగా రావాలని నేర్పితే అది తెలివిగా మధ్యలో నిలబడుతుంది. అన్ని రంగుల సగటు బురద. 2016లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు రిచర్డ్ జాంగ్, ఫిలిప్ ఐసోలా, అలెక్సీ ఎఫ్రోస్ దీనికో ఉపాయం కనిపెట్టారు. రంగుల్ని 313 గదులుగా విడగొట్టి, ఏ గదికి ఎంత అవకాశమో చెప్పమన్నారు. అరుదైన ముదురు రంగులకి నేర్పేటప్పుడే ఎక్కువ మార్కులు వేశారు. బొమ్మలు కళకళలాడాయి. అసలు ఫోటో పక్కన పెట్టి ఏది నకిలీయో అడిగితే, చూసినవాళ్ళు 32 శాతం సార్లు మోసపోయారు. రంగు నమ్మేట్టు ఉంటే చాలు, నిజం కానక్కర్లేదన్నమాట.

(ముగ్గురు కలిసి ఫోటో దిగితే మధ్యలో వాళ్ళకి ఆయుష్షు తీరుతుందని భయం కదా. మా ఫోటోలో ముగ్గురున్నారు, మధ్యలో చంటిపిల్లగా పెద్దమ్మ. నాలుగో మనిషి లెక్కకి స్టూలు మీదో చెక్కబొమ్మ. యాప్ ఆ బొమ్మకీ మనిషి ఒంటిరంగు వేసింది. పెద్దమ్మకి ఎనభై దగ్గర పడ్డాయి. బొమ్మ పని చేసిందని ఆవిడ వాదన.)

చివరికి సాయం చేసింది సైన్సు కాదు, ట్రంకు పెట్టె. ఆ చీర చిరిగాక పిల్లలకి పరికిణీలు కుట్టించారట. మిగిలిన జానెడు ముక్కని పిన్ని కలరా ఉండల మధ్య నుంచి తీసి వీడియో కాల్‌లో చూపించింది. కెమెరా ముందు అటు తిప్పితే నీలం. ఇటు తిప్పితే ఆకుపచ్చ. నెమలికంఠం! పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. చూసే కోణాన్ని బట్టి ఒకటి పైకొస్తుంది, ఒకటి అణుగుతుంది.

"చూశావా, నీలమే" అంది పెద్దమ్మ.