పుట్టుచెవుడుకు జన్యుచికిత్స: అపోహలు - వాస్తవాలు

అపోహ: జన్యుచికిత్స వచ్చేసింది, ఇక ఏ చెవుడైనా పోతుంది.

వాస్తవం: జన్యుచికిత్స అంటే లోపమున్న జన్యువుకు మంచి ప్రతిని కణాల్లోకి పంపడం. పిల్లల్లో స్పష్టమైన ఫలితం కనిపించింది ఓటోఫ్ (ఓటోఫెర్లిన్ అనే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువు) లోపంలో. ఇందులో కాక్లియా (లోపలి చెవిలోని నత్తగుల్లలాంటి భాగం)లోని రోమకణం శబ్దాన్ని పట్టుకుంటుంది, నాడి కూడా బాగానే ఉంటుంది. ఓటోఫెర్లిన్ ప్రొటీన్ లేక ఆ కబురు కణం నుంచి నాడికి దాటదు. వయసుతోనో పెద్ద శబ్దాలతోనో వచ్చిన చెవుడులో చాలావరకు రోమకణాలే చనిపోయి ఉంటాయి. మన దేశంలో తరచూ కనిపించే జీజేబీ2 అనే మరో జన్యువు లోపానికీ ఈ ఓటోఫ్ మందు పనిచేయదు.

అపోహ: పుట్టగానే చేసిన ఓఏఈ పరీక్ష (శబ్దానికి లోపలి చెవి తిరిగిచ్చే ప్రతిధ్వనిని చూసేది) పాసయింది, బిడ్డకు వినిపిస్తున్నట్టే.

వాస్తవం: ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ఓఏఈ చూసేది బయటి వరుస రోమకణాలను. ఓటోఫ్ లోపంలో అవి మొదట్లో బాగుంటాయి కాబట్టి పరీక్ష పాసవుతుంది. బెరా (శబ్దం నాడి గుండా మెదడు వైపు వెళ్తోందా అని చూసే పరీక్ష) చేస్తే మాత్రం అలలు రావు. తలుపు ధడేల్మన్నా బిడ్డ ఉలిక్కిపడకపోతే బెరా అడగండి. ఓఏఈ ఉండి బెరా లేకపోతే జన్యుపరీక్ష చేయించాలి. తీవ్రమైన పసికామెర్ల తర్వాత కూడా ఇదే చిత్రం కనిపిస్తుంది కనుక జన్యు రిపోర్టు లేకుండా నిర్ధారణ కాదు. వయసు పెరిగేకొద్దీ ఓఏఈ మాయం కావచ్చు, అది లేదని ఓటోఫ్‌ను కొట్టిపారేయకూడదు.

అపోహ: చెవిలో ఒక సూది వేస్తే సరిపోతుంది.

వాస్తవం: మత్తిచ్చి, మైక్రోస్కోపు కింద చేసే ఆపరేషన్ ఇది. రౌండ్ విండో (కాక్లియాకున్న చిన్న కిటికీ) పొర గుండా మందును మెల్లగా ఎక్కిస్తారు. జన్యువును కణంలోకి మోసుకెళ్లే ఏఏవీ అనే వైరస్‌లో సుమారు 4,700 డీఎన్ఏ అక్షరాలే పడతాయి. ఓటోఫ్‌కు దాదాపు 6,000 కావాలి. అందుకే జన్యువును రెండు ముక్కలు చేసి రెండు వైరస్‌లలో పంపుతారు. రెండూ ఒకే కణంలో చేరి అతుక్కుంటేనే ప్రొటీన్ తయారవుతుంది. షాంఘైలోని ఫుడాన్ వైద్యుల ట్రయల్‌లో 6గురు పిల్లల్లో 5గురికి వినికిడి మెరుగైందని 2024లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. రక్తంలో ఏఏవీకి యాంటీబాడీలు ముందే ఎక్కువగా ఉంటే మందు పనిచేయకపోవచ్చు.

అపోహ: జన్యుచికిత్స మనదాకా వచ్చేవరకు కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో అమర్చే, వినికిడి నాడికి నేరుగా సంకేతాలు పంపే పరికరం) ఆపుదాం.

వాస్తవం: దయచేసి ఆపకండి. మాటలు నేర్చే తొలి ఏళ్లు తిరిగి రావు. నాడి బాగుంటుంది కాబట్టి ఈ పిల్లల్లో కాక్లియర్ ఇంప్లాంట్ సాధారణంగా బాగా పనిచేస్తుంది. ఒక చెవికి ఇంప్లాంట్ ఉన్న పిల్లలకు రెండో చెవిలో జన్యుచికిత్స చేసిన ట్రయల్స్ కూడా ఉన్నాయి.

అపోహ: ఈ చికిత్సతో లోపం వంశంలోంచే పోతుంది.

వాస్తవం: పోదు, మందు పనిచేసేది ఆ చెవిలోనే. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే (తమకు చెవుడు లేకున్నా లోపమున్న జన్యువు ఒక ప్రతిలో ఉన్నవారైతే) ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ చెవుడు వచ్చే అవకాశం 25 శాతం ఉంటుంది. మేనరికాల్లో ఇద్దరూ వాహకులయ్యే అవకాశం ఎక్కువ. అలాంటి ఇంట్లో తర్వాతి బిడ్డకు ఓఏఈతో ఆగకుండా మొదటి నెలల్లోనే బెరా చేయించండి.