నిర్మలాకాశంలో విద్యుత్తు: అపోహలు - వాస్తవాలు

గాలిలోని విద్యుత్తును రోజూ కొలవడమే నా పని. నేలకు మీటరు ఎత్తున ఇన్సులేటర్ల మధ్య తీగ కట్టి, దాని వోల్టేజీ రాసుకుంటాం. ఈ పని గురించి చెప్పినప్పుడల్లా ఎదురయ్యే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: మబ్బు లేకపోతే గాలిలో విద్యుత్తు ఉండదు.

వాస్తవం: ఎప్పుడూ ఉంటుంది. మబ్బుతునక లేని రోజున కూడా నేల దగ్గర ఒక్కో మీటరు ఎత్తుకు 100 వోల్టులకు పైగానే తేడా ఉంటుంది. ఫ్రాన్సులో లెమోనియే అనే శాస్త్రవేత్త దీన్ని 1752లోనే గమనించాడు. మరి మనకు షాక్ ఎందుకు కొట్టదు? గాలి చాలా బలహీనమైన వాహకం. ఒక్కో చదరపు మీటరు నేలకు దిగే కరెంటు, ఆంపియర్‌ను లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో సుమారు రెండు.

అపోహ: పిడుగులు భూమికున్న ఋణావేశాన్ని ఖాళీ చేస్తాయి.

వాస్తవం: ఖాళీ చేసేది నిర్మలమైన వాతావరణం. పిడుగుల్లో ఎక్కువ భాగం భూమికి ఋణావేశాన్ని తెచ్చిపెడతాయి.

అపోహ: రోజులో ఈ వోల్టేజీ హెచ్చుతగ్గులన్నీ స్థానిక ఎండ వల్లే.

వాస్తవం: 'కార్నెగీ' ఓడ 1909 నుంచి 1929 దాకా సముద్రాల మీద తిరుగుతూ కొలిచింది. ఏ సముద్రం మీదైనా గ్రీనిచ్ కాలమానం ప్రకారం రాత్రి 7 గంటల ప్రాంతంలోనే గరిష్ఠం, తెల్లవారుజామున 3 ప్రాంతంలో కనిష్ఠం! ప్రపంచమంతటి ఉరుముల వానలు కలిసి గీసే గీత అది. ఎక్కడో ఖండం అవతల సాయంత్రం ఉరిమితే, ఇక్కడి తీగకు తెలుస్తుంది. నన్ను ఈ రంగంలో కట్టిపడేసింది ఇదే. నేల మీద మాత్రం పొగ, దుమ్ము ఆ గీతను చాలావరకు కప్పేస్తాయి.

అపోహ: పొగమంచులో రీడింగ్ పెరిగితే విద్యుత్తు పెరిగినట్టే.

వాస్తవం: కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కాస్మిక్ కిరణాలు, నేలలోంచి వచ్చే రేడాన్ వాయువు గాలిలో చిన్న అయాన్లను, అంటే ఆవేశమున్న కణాలను, పుట్టిస్తాయి. కరెంటును మోసేవి అవే. మంచు బిందువులకో, పొగ రేణువులకో అతుక్కుంటే అవి కదలలేవు. గాలి వాహకత పడిపోతుంది, అదే కరెంటు పారడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. పొగ పట్టే ఊళ్లలో చలికాలపు రీడింగులు ఎక్కువగా ఉండటానికీ ఇదే కారణం. వాన మబ్బు కమ్మితే సంగతి వేరు. రీడింగ్ వేల వోల్టులకు ఎగబాకి, తరచూ దాని ధన, ఋణ గుర్తు కూడా తిరగబడుతుంది.

ఒకసారి దట్టమైన పొగమంచులో రీడింగ్ పెరగకపోగా పడిపోయింది. టార్చి వేసి చూస్తే ఇన్సులేటర్ నుంచి తీగకు ఒకే ఒక్క సాలీడు దారం, మంచుకు తడిసి మెరుస్తోంది. ఆవేశమంతా దాని మీదుగానే కారిపోతోంది. దారం తుడిచేసి ఇన్సులేటర్ ఆరాక రీడింగ్ ఉండాల్సిన చోటికి వచ్చింది.